ఉప్పుటేటి నీటిలోని ఏకకణ జీవులు ఆహారమును ఎట్లు గ్రహించును?

ముత్తుకూరు నుండి కృష్ణపట్నమునకు పోవు రైతు సోదరులకు దారిలో కనబడునవి రొయ్యల గుంటలు, వాటికి నీరిచ్చు కండలేరు ఉప్పుటేరు. ఈసారి పోయినపుడు ఆ యేటిలో దిగి ఒక దోసెడు నీరు తీసి చూడుడు. కొంచెము మట్టిరంగు, కొంచెము పచ్చదనము తప్ప మరేమియు కనబడదు. కాని తీరప్రాంతపు ఉప్పునీటిలో ఒక్క మిల్లీలీటరునకు సుమారు పది లక్షల బాక్టీరియాలు ఉండును. వాటికి తోడు డయాటములు మొదలగు నాచుజాతి జీవులు వేలకొలదిగా నుండును. వీనిలో ప్రతిదియు ఒకే ఒక కణము. నోరు లేదు, కడుపు లేదు, వేరు లేదు.

నోరులేని జీవి మేయుట ఎట్లు? ఇది కళాశాలవారు చర్చించుకొనవలసిన విషయము గదా, మాకెందుకు అని కొందరనవచ్చును. గుంటలో మీరు వేసిన మేతలో రొయ్య ఒంటికి పట్టినది పోగా మిగిలినదానిలో చాలభాగము నీటిలో కరగి ఈ నోరులేని జీవుల పాలగును. అవి దానిని వేళకు గ్రహించినచో రొయ్య బ్రతుకును. అవి గ్రహింపలేకపోయిన దినమున మూడు నెలల పంట ఒక రాత్రిలో పోవచ్చును. కావున వాటి భోజనపు పద్ధతి తెలిసికొనుట మన లెక్కలలోని పనియే.

అమీబా వంటి కొన్ని జీవులు తమకంటె చిన్న జీవులను చుట్టి మ్రింగును. ఆ సంగతి వేరు. నీటిలో కరగియున్న ప్రాణవాయువు, నత్రజని, భాస్వరము, చక్కెర మొదలగువాని అణువులను గ్రహించుటను గూర్చియే ఇచట వ్రాయుచున్నాను.

చిన్నదానికే చేవ

బెల్లపు అచ్చును నీటిలో వేసిన చాలసేపటికి గాని కరగదు. దానినే నలగగొట్టి వేసినచో వెంటనే కరగును. బెల్లము అంతే, కాని నీరు తగులు పైభాగము పెరిగినది. ఏకకణ జీవుల సంగతియు ఇట్టిదే. జీవి ఎంత చిన్నదైన, దాని శరీరపు పరిమాణమును బట్టి చూడగా చుట్టును నీరు తగులు భాగము అంత ఎక్కువ. అందుచేత నోరు లేకున్నను ఒళ్ళంతయు నోరైనట్లే.

నీటిలో కరగిన అణువు ఒకచోట నిలువదు. నలుప్రక్కల అణువులు తగులుచుండగా అటునిటు తొట్రుపడుచు క్రమముగా చిక్కనిచోటి నుండి పలుచనిచోటికి వ్యాపించును. ఈ నడక దగ్గరి దూరములకు మిక్కిలి చురుకైనది, దూరము పెరిగినకొలది మిక్కిలి మందమైనది. దూరము పదిరెట్లయినచో కాలము నూరురెట్లగును. లెక్క వేసి చూతము. ప్రాణవాయువు ఒక డయాటము మేరకు, అనగా మిల్లీమీటరులో నూరవ వంతు దూరమునకు పోవుటకు సెకనులో నలుబదవ వంతు చాలును. మిల్లీమీటరు పోవుటకు నాలుగు నిమిషములు, సెంటీమీటరు పోవుటకు ఏడు గంటలు పట్టును. ఒక మీటరు పోవలెనన్న సుమారు ఎనిమిది సంవత్సరములు కావలెను!

గుంట లోతు మీటరో, మీటరున్నరయో గదా. పైన గాలి నిండుగ నున్నను, కదలని నీటిలో ఆ ప్రాణవాయువు తనంతట తాను అడుగున నున్న రొయ్యను చేరునది మీ మనుమల కాలమునకే. ఏరేటర్లు చేయు పని గాలిని నీటిలో కలుపుటయే అని చాలమంది అనుకొందురు. పైనీటిని క్రిందికి, క్రిందినీటిని పైకి త్రిప్పుట అంతకు తక్కువ పని కాదు. సముద్రపు గాలి బలముగా వీచు దినములలో నీరు తానే కొంత కలియబడును. గాలి పడిపోయిన రాత్రులలో విద్యుచ్ఛక్తి ఖర్చునకు జంకి ఏరేటర్లను ఆపుట నా దృష్టిలో గవ్వకు జూచి గుమ్మడికాయను పోగొట్టుకొనుటయే.

నూనెపొర, తలుపులు, ఏతములు

ప్రతి కణము చుట్టును ఒక పలుచని పొర గలదు. దీనికి కణత్వచమని పేరు. మీ చేతిలోని ఈ కాగితపు మందమునకు సరిపోవలెనన్న అట్టి పొరలను సుమారు ఇరువది వేలు ఒకదానిపై నొకటి పేర్చవలెను. ఇది ముఖ్యముగా క్రొవ్వుజాతి పదార్థముతో అయినది. నూనె, నీరు కలియవని వంటింటిలోని వారందరికిని తెలియును. నీటిలో చక్కగ కరగు పదార్థములు ఈ నూనెపొరను దాటలేవు. అందును విద్యుదావేశము గల అణువులకు, అనగా నైట్రేటు, ఫాస్ఫేటు, అమ్మోనియము, సోడియము మొదలగువానికి ఇది కోటగోడ వంటిది. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా వాయువు వంటి ఆవేశములేని చిన్న అణువులు మాత్రము తలుపు తట్టకుండనే దూరిపోవును. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పని గలదు.

గోడ దాటలేని ఆహారమునకై కణము తన పొరలో మాంసకృత్తులతో చేసిన తలుపులను అమర్చుకొనియున్నది. 1956లో పారిస్ నగరములోని పాశ్చర్ సంస్థలో జాక్ మోనో, ఆయన సహచరులు ఒకజాతి బాక్టీరియాకు పాలచక్కెరను లోనికి కొనిపోవు ప్రత్యేకమైన ద్వారము కలదని వెల్లడించిరి. ఒక్కొక్క ద్వారము ఒక్కొక్క రకమునకే తెరచుకొనును. నైట్రేటునకు వేరు, ఫాస్ఫేటునకు వేరు. డయాటములు తమ గాజువంటి చిప్పలను కట్టుకొనుటకు సిలికాను లోనికి తెచ్చుకొను తలుపులను 1997లో గుర్తించిరి. నీటిలో సిలికా అయిపోయినచో ఎంత నత్రజని యున్నను డయాటములు పెరుగవు. వాటి చోటును ఇతర నాచులు ఆక్రమించును. సముద్రపు పైనీటికంటె ఏటినీటిలో సిలికా హెచ్చు. మంచినీరు కలిసిన కాలములో గుంటనీరు గోధుమరంగుకు తిరుగుటకు ఇది యొక ముఖ్య కారణము. ఆ రంగు చూచి రైతు సంతోషించుట న్యాయమే.

తలుపు తీసినంత మాత్రమున పని కాదు. లోపల చిక్కగను బయట పలుచగను ఉన్న పదార్థము బయటికి పోవలసినదే గాని లోనికి రాదు. పల్లపు కాలువ నుండి మెరకచేనికి నీరెక్కింపవలెనన్న ఏతము త్రొక్కవలెను గదా. కణములోను అట్టి ఏతములే కలవు. వాటిని త్రొక్కుటకు కావలసిన బలమును కణము ఎక్కువగా ఏ.టి.పి. అను పదార్థము నుండి పొందును. ఆ పదార్థమును 1929లో కండరములో కనుగొన్నవారిలో మన భీమవరములో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పరిశోధన యిది. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ వేరుగా దీనిని కనుగొనెను.

ఉప్పునీటి జీవులు మరియొక ఉపాయము పన్నినవి. బయట సోడియము హెచ్చు, లోపల తక్కువ. సోడియము లోనికి జారునపుడు తనతోబాటు నైట్రేటును చేయిపట్టి తెచ్చునట్లు చేసిన తలుపులు కొన్ని గలవు. వచ్చిన సోడియమును మరల బయటికి తోడిపోయుటకు మాత్రము కణము ఖర్చు పెట్టుకొనవలసినదే.

ఉప్పుమళ్ళలో పనిచేయువారు చివరి మళ్ళలో నీరు ఎఱ్ఱబారుట చూచియే యుందురు. ఉప్పు పేరుకొను వేళకు ఆ నీరు సముద్రపు నీటికంటె దాదాపు పదిరెట్లు చిక్కనై యుండును. అందును బ్రతుకు ఏకకణ జీవులు రెండు రకములు. ఒకటి డునాలియెల్లా అను నాచు. 1838లో ఫ్రాన్సు దేశపు దక్షిణతీరములోని ఉప్పుమళ్ళ ఎఱుపునకు సూక్ష్మమైన నాచు కారణమని చెప్పిన డునాల్ పేరు దీనికి పెట్టిరి. ఇది ఉప్పును లోనికి రానీయక, తన లోపల గ్లిసరిన్ నింపుకొని నీటిని నిలుపుకొనును. రెండవది హాలోబాక్టీరియము. ఇది పొటాషియము లవణమును తన లోపలనే కూడబెట్టుకొనును. దీని పొరలోని ఊదారంగు పదార్థము సూర్యరశ్మితోనే ఏతము త్రొక్కునని 1973లో తెలిసినది. ఎండబలముతో నడచు ఏతము మనకంటె ముందే ఈ జీవికి తెలిసినదన్న మాట.

బల్లకట్టు లెక్క

ఏటిరేవులో బల్లకట్టు ఒకమారు ఇరువదిమందిని దాటించుననుకొందము. రేవులో పదిమందియే యున్న అందరును వెంటనే దాటుదురు. రెండువందలమంది చేరినచో బల్లకట్టు పరుగెత్తదు, తక్కినవారు గట్టుననే కూర్చుందురు. కణపు తలుపులకును ఇదే న్యాయము. ఒక్కొక్క తలుపు ఒక క్షణములో ఇన్ని అణువులనే దాటించును. నీటిలో ఆహారము కొంత చిక్కదనమునకు చేరిన తరువాత ఇంకెంత పోసినను వేగము పెరుగదు. పెక్కు డయాటములకు లీటరు నీటిలో 0.1 మిల్లీగ్రాము నత్రజనికి లోపుగానే తలుపులు సగము వేగమునకు వచ్చును.

ఇప్పుడు ఎకరము గుంటను తీసికొందము. ఒక మీటరు లోతు నీటికి సుమారు 40 లక్షల లీటర్లగును. నీరు పచ్చబారుటకని పది కిలోల యూరియాను ఒకేమారు చల్లినచో, యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు గనుక, లీటరునకు ఒక మిల్లీగ్రామునకు పైబడి నత్రజని చేరును. బల్లకట్టునకు పట్టినదానికంటె ఎన్నోరెట్లు జనము గట్టున చేరినట్లే. అదే యూరియాను నాలుగైదు దఫాలుగ కొద్దికొద్దిగ వేసిన, తలుపులు అదే వేగముతో పనిచేయును, గట్టున మిగులు తక్కువ. వరిచేనికి యూరియాను దఫాలుగ వేయుటకును ఇట్టి కారణమే యొకటి కలదు.

మేము యూరియా వేయుట లేదు, మేత మాత్రమే వేయుచున్నాము అని రొయ్యల రైతులు అనవచ్చును. మేతలో నూటికి 35 పాళ్ళు మాంసకృత్తులున్నచో 100 కిలోల మేతలో సుమారు 5.6 కిలోల నత్రజని యున్నట్లు. అందు రొయ్య ఒంటికి పట్టునది నాలుగింట ఒక వంతు మొదలు మూడింట ఒక వంతు వరకే. తక్కిన నాలుగు కిలోల నత్రజని నీటికిని బురదకును పోవును. అనగా 100 కిలోల మేత వేసినపుడెల్ల సుమారు తొమ్మిది కిలోల యూరియాను గుంటలో చల్లినట్లే! పంట చివరి దినములలో మేత రోజురోజునకు పెరుగునపుడు ఈ లెక్కను గోడపై వ్రాసిపెట్టుకొనుట మంచిది.

తలుపు తట్టని దొంగ

మొదట చెప్పిన తేడాతో ఇప్పుడు పని పడినది. రొయ్య విసర్జించినదియు, కుళ్ళిన మేత నుండి వచ్చినదియు అయిన అమ్మోనియా నీటిలో రెండు రూపులతో నుండును. ఆవేశముగల అమ్మోనియము ఒకటి, ఆవేశములేని అమ్మోనియా వాయువు రెండవది. మొదటిది తలుపు లేనిదే కణములోనికి పోలేదు. డయాటములకు, బాక్టీరియాలకు అది ఇష్టమైన మేత. నైట్రేటు కంటె దీనిని ముందుగ గ్రహించును, ఏలయన దీనిని మాంసకృత్తులుగ మార్చుకొనుట తేలిక. రెండవది ఏ తలుపును తట్టకుండ నూనెపొరను దూరును. రొయ్య మొప్పల కణములపొరయు అట్టి నూనెపొరయే. విషము ముఖ్యముగా ఈ రెండవ రూపములో నున్నది.

ఈ రెండింటిలో ఏది ఎంత యుండవలెనను నిర్ణయము నీటి పి.హెచ్. పై నున్నది. మన వేడి నీళ్ళలో పి.హెచ్. 7 వద్ద వాయురూపము నూటికి ఒక పాలునకు లోపే. 8 వద్ద ఆరేడు పాళ్ళు. 9 వద్ద నలుబది పాళ్ళకు దరిదాపు. పగటివేళ నాచు బొగ్గుపులుసు వాయువును త్వరత్వరగా గ్రహించుటచే పి.హెచ్. పెరుగును. రాత్రి అన్ని జీవులును ఆ వాయువును విడుచుటచే తగ్గును. కనుక మొత్తము అమ్మోనియా లీటరునకు ఒక మిల్లీగ్రాముగనే యున్నను, ఉదయము పి.హెచ్. 7.5 వద్ద విషరూపము 0.02 మిల్లీగ్రాము, మధ్యాహ్నము 9 వద్ద 0.4 మిల్లీగ్రాము. ఇరువదిరెట్లు! సాధారణముగా 0.1కి మించనీయరాదని చెప్పుదురు. తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక రొయ్య పైకి తేలును, అది అందరికిని కనబడును. మధ్యాహ్నపు అమ్మోనియా అట్లు కనబడదు. మేత తగ్గించి తినుట, గుల్ల విడుచుటలో చచ్చుట మొదలగువానితోనే తెలియును. ఉదయము ఒక్కమారు పి.హెచ్. చూచి పుస్తకములో వ్రాసికొని తృప్తిపడు రైతులు మధ్యాహ్నము రెండు మూడు గంటలకు మరల చూడవలెను. అమ్మోనియా హెచ్చుగ నున్న గుంటలో పి.హెచ్. పెంచు సున్నమును మధ్యాహ్నము పోయుట మిక్కిలి ప్రమాదకరము. అది ఆవేశముగల రూపమును విషరూపముగ మార్చును.

ఇంకొక సంగతి. ఏతము త్రొక్కుటకు నాచునకు కావలసిన బలము సూర్యరశ్మి నుండి రావలెను. నెల్లూరు జిల్లాకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వర్షములు కురియును. మూడు దినములు మబ్బు మూసినపుడు నాచు గ్రహించుట తగ్గును, మేత మాత్రము అలవాటు ప్రకారము పడుచుండును. పైపెచ్చు భారీవర్షమునకు ఉప్పదనము ఒక్కసారి తగ్గి నాచు మూకుమ్మడిగ చచ్చిన, అంతవరకు అవి లోపల దాచుకొనినదంతయు మరల నీటిలోనికి వచ్చును. ఆ కళేబరములను కుళ్ళబెట్టు బాక్టీరియాలు మిగిలిన ప్రాణవాయువును వాడివేయును. మబ్బు పట్టిన దినముననే మేత తగ్గింపవలెను. నీరు రంగు విరిగిన తరువాత తగ్గించిన లాభము స్వల్పము.

బెల్లము పోయుటను గూర్చి

అమ్మోనియా పెరిగినపుడు బెల్లమో, బెల్లపు మడ్డియో, తవుడుతో పులియబెట్టిన నీరో పోయుట నేడు పలుచోట్ల ఆచారమైనది. ఇందు సత్యము లేకపోలేదు. బాక్టీరియాకు చక్కెర దొరికినచో శరీరము కట్టుకొనుటకు నత్రజని కావలసివచ్చి అమ్మోనియమును తలుపులగుండ లాగికొనును. ఎండ లేకున్నను ఈ పని జరుగును. ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు యోరం అవ్నిమెలెక్ 1999లో ప్రకటించిన లెక్క ప్రకారము ఒక కిలో అమ్మోనియా నత్రజనిని ఇట్లు పట్టించుటకు సుమారు 20 కిలోల పిండిపదార్థము కావలెను. మన ఎకరపు గుంటలో లీటరునకు ఒక మిల్లీగ్రామున్నచో మొత్తము నాలుగు కిలోలు, అనగా 80 కిలోల బెల్లము! ఐదు కిలోలు పోసి ఫలితమునకై ఎదురుచూచుట వృథా. పోనీ 80 కిలోలు ఒకేమారు పోయుదమన్న, ఆ చక్కెరను తినునపుడు బాక్టీరియా ప్రాణవాయువును విపరీతముగ వాడును. ప్రొద్దుటిపూట, ఏరేటర్లు నడచుచుండగా, అనేక దినములకు పంచి పోయవలెనే గాని సాయంకాలము పోయరాదు.

వరి రైతులకు ఒక మాట. పొలములోని నీలి ఆకుపచ్చ నాచు కొన్ని జాతులు గాలిలోని నత్రజనినే గ్రహించునని 1939లో పి.కె. డే నిరూపించెను. గాలిలోని నత్రజనికి ఆవేశము లేదు గనుక తలుపు అక్కరలేదు. దానిని ఆహారముగ మార్చుటకే ఖర్చు హెచ్చు. అందుచేత నీటిలో యూరియా వలన వచ్చిన అమ్మోనియము సమృద్ధిగ నున్న దినములలో ఈ నాచు ఆ పని మానుకొనును.

ఏరు అందరిది

గుంటలో మిగిలిన నత్రజని పంట చివర నీటితోబాటు ఉప్పుటేటిలోనికి పోవును. ఏటిలోని ఏకకణ జీవులు దానిని కొంత గ్రహించును, పోటు, పాటు కొంత సముద్రమునకు కొనిపోవును. కాని అచటను బల్లకట్టు లెక్కయే. వేసవిలో పైనుండి మంచినీరు రానపుడు, ఒకే వారములో అనేకులు గుంటలు వదలినచో, ఏటి జీవులకు పట్టినది పోగా మిగిలినది తరువాతి పోటుకు వేరొకరి పంపులోనికి ఎక్కును. 1994-95లో తెల్లమచ్చ తెగులు తూర్పుతీరపు రొయ్యల రైతులను కూల్చినప్పుడు నీటిని పంచుకొనుట వలని చేటు అందరికిని తెలిసినది. 2005లో వచ్చిన తీరప్రాంత జలసేద్య ప్రాధికార చట్టము క్రింది మార్గదర్శక సూత్రములు 5 హెక్టార్లు, అంతకు పైబడిన క్షేత్రములకు వ్యర్థజలమును శుద్ధిచేయు ఏర్పాటు ఉండవలెనని చెప్పినవి. మన ఏటిగట్టున రెండు మూడెకరాల రైతులు తక్కువ కాదు. వారికి విడివిడిగ ఈ ఏర్పాటు కష్టమే. పదిమంది కలిసి ఒక పాత గుంటను నిలువనీటికి విడిచినచో, మూడు నాలుగు దినములలో బురద అడుగునకు దిగును, ఎండలో నాచు తన తలుపులతో తాను గ్రహింపగలిగినంత గ్రహించును. ఆ మీదట పాటువేళ పైనీటిని మెల్లగ ఏటిలోనికి వదలవలెను.

గ్రామ మత్స్య సహాయకులును, తక్కిన గ్రామోద్యోగులును తమ ఊరిలో ఎవరెవరు ఏ వారమున నీరు తోడుదురో, ఏ వారమున వదలుదురో ఒక పట్టీ వ్రాసి అందరికిని కనబడుచోట అంటించిన మేలు. అమ్మోనియా, పి.హెచ్. పరీక్షలలో సందేహములున్నవారు ముత్తుకూరులో 1991లో నెలకొల్పబడిన మత్స్యశాస్త్ర కళాశాలవారిని అడుగవచ్చును. పరీక్షకు కొనిపోవు నీటిసీసాపై తేదీతోబాటు నీరు పట్టిన గంటను గూడ వ్రాయుట మరువరాదు.